కెసెన్నుమా రేవులో త్సురుకామే: వేడినీళ్ళ స్నానం, సూర చేప భోజనం, మా అమ్మ ఇచ్చిన మార్కులు

జపాన్‌లో ఉన్న మనవాళ్ళు ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే తిప్పే చోట్లు అందరికీ ఒకటే, క్యోటో, నారా జింకలు, ఫుజి కొండ, ఇంకా లీవు మిగిలితే హొక్కైడో. నేనూ అదే చేశా. మా అమ్మ సోంపేట నుంచి వచ్చి మూణ్ణెల్లుంది, ఇవన్నీ చూపించేశా, ప్రతిచోటా ఒకటే మాట, "బాగుందే, గుడి బాగుంది, ఇంటికెప్పుడెల్దుం?" ఇంక ఏం చూపించాలో తోచక అక్టోబర్లో ఒక చేపలరేవుకి తీసుకెళ్ళా, రైలు దిగగానే ముక్కు ఎగబీల్చి "ఏటే, ఇక్కడ మన రేవు వాసనే ఉంది" అంది, ఆ రెండ్రోజులూ ఇంటి ఊసే ఎత్తలేదు.

ఊరి పేరు కెసెన్నుమా. మియాగి జిల్లాలో ఈశాన్యం మూలన ఉంటుంది. టోక్యో నుంచి షింకాన్సెన్, అంటే బుల్లెట్ రైల్లో ఇచినోసెకి రెండు గంటల పైచిలుకు, అక్కడ దిగి చిన్న లోకల్ రైలెక్కితే ఇంకో గంటన్నర దాకా, మధ్యలో అన్నీ కొండలూ వరిచేలూ, మా అమ్మ చేలు చూసి కోతలయిపోయాయని చెప్తూనే ఉంది. ఈ రివ్యూ ఆ రేవులో చేపల మార్కెట్ దగ్గరున్న త్సురుకామే గురించి, అంటే త్సురుకామే నో యు అనే స్నానాలగది, దాన్ని ఆనుకుని త్సురుకామే షొకుదో అనే భోజన హోటల్. త్సురు అంటే కొంగ, కామే అంటే తాబేలు, రెండూ వాళ్ళకి నిండు నూరేళ్ళకి గుర్తు. హోటల్ అన్నాను గానీ మన భాషలో మెస్సు అంటేనే సరిపోతుంది.

స్నానాలగదికి రివ్యూ ఏంటి అనుకోకండి. అసలు సంగతి అక్కడే ఉంది.

కెసెన్నుమాలో పచ్చి కత్సువో, అంటే మన నామాల సూర లాంటి చేప, జపాన్ మొత్తం మీద ఎక్కువ దిగే రేవు ఇదే, వరసగా పాతికేళ్ళ పైనుంచి ఫస్టు ప్లేసు వీళ్ళదే. ఆ పట్టేవాళ్ళు మాత్రం ఎక్కువమంది ఈ ఊరివాళ్ళు కాదు, కొచి, మియాజాకి, మిఎ అని ఎక్కడో దక్షిణం నుంచి చేపల వెంట పైకి వచ్చేస్తారు, ఎండాకాలం నుంచి చలి మొదలయ్యేదాకా సముద్రం మీదే కాపురం. తెల్లారుజామున బోటు రేవుకి తగిలిస్తారు, సరుకు దించుతారు, ఐసూ ఎరా ఎక్కించుకుని మళ్ళీ వెళ్ళిపోతారు, మధ్యలో దొరికే ఆ రెండు మూడు గంటల్లో వాళ్ళకి కావాల్సింది ఏంటంటే ఒంటిమీద ఉప్పు వదిలేలా వేడినీళ్ళు, తర్వాత వేడన్నం. దానికోసం రేవు దగ్గర నూరేళ్ళు దాటిన పాత స్నానశాల ఒకటుండేది, కామే నో యు అని, 2011 సునామీ తాకిడికి కూడా తట్టుకుని మళ్ళీ తెరిచారు, తీరా ఆ తర్వాతి నిర్మాణ పనుల వల్ల 2017లో మూసేయాల్సొచ్చింది. అలల్ని తట్టుకున్నది రోడ్డు పనులకి పోయిందన్నమాట, ఇలాంటివి మనకి కొత్తేం కాదు కదా.

స్నానం లేకపోతే ఏమవుతుంది, బోటువాళ్ళు ఇంకో రేవు చూసుకుంటారు. వాళ్ళతో పాటు ఐసు ఫ్యాక్టరీ, డీజిల్ బంకు, అట్టపెట్టెల కంపెనీ, లారీలు, అన్నీ కదిలిపోతాయి. ఈ లెక్క ముందుగా పట్టుకుంది ఊళ్ళో ఆడవాళ్ళు. చేపల వ్యాపారం ఇళ్ళల్లో ఆడపెద్దలు, వాళ్ళతో పాటు సునామీ అప్పుడు కాలేజీ పిల్లగా వాలంటీర్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఒక టోక్యో అమ్మాయి, కలిసి జనం దగ్గర డబ్బు పోగేసి 2019లో ఇది తెరిచారు. పెద్ద బిల్డింగేం కాదు, చక్రాలమీద లాక్కొచ్చే ట్రైలర్ ఇళ్ళు ఉంటాయి చూడండి, అలాంటివి వరసగా పెట్టిన సందు, మిషియోనే యొకొచో అంటారు, అందులో స్నానం ఒకటి, మెస్సు ఒకటి, ఇంకా చిన్న చిన్న కొట్లు.

మేం పొద్దున్నే వెళ్ళాం, అదే కరెక్ట్ టైమ్, ఇది పొద్దుటి పూట జరిగే వ్యవహారం, మధ్యాహ్నం తాపీగా లేచి వెళ్దామనుకుంటే కుదరదు. జపాన్ స్నానం సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, లోపల అందరూ బట్టల్లేకుండా ముందు కూర్చుని ఒళ్ళు రుద్దుకుని, తర్వాత వేడినీళ్ళ తొట్లో దిగాలి. ఆడవాళ్ళది వేరు, మగవాళ్ళది వేరు, అయినా సరే మా అమ్మ గుమ్మం దగ్గరే బిగుసుకుపోయింది. "ఓలమ్మా, నానొల్లనే. నలుగురిలో బట్టలిప్పడమేటి, సిగ్గూ శరం లేదేటి." నేను బతిమాలలేదు, మోకాళ్ళు లాగుతున్నాయని రాత్రంతా మూలిగింది నువ్వే కదా అని ఒక్కమాట అని లోపలికెళ్ళిపోయా. (మేం దిగిన హోటల్లో హీటర్ పనిచెయ్యలేదు, స్టేషన్ దగ్గర్లో ఏదో ఒకటి, పేరెందుకులెండి, దుప్పట్లు మాత్రం రెండోవి ఇచ్చారు.) పది నిమిషాలకి తువ్వాలు చుట్టుకుని అమ్మ వచ్చింది. లోపల ఇంకొక్క ముసలావిడే ఉంది, ఆవిడ మా అమ్మని చూసి నవ్వి, నీళ్ళలో తన పక్కన చెయ్యి ఆడించి చూపించింది, రా రా అని. తర్వాత ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఆవిడ జపనీస్‌లో, మా అమ్మ సిక్కోలు భాషలో. నేను మధ్యలో ట్రాన్స్‌లేట్ చెయ్యబోతే ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు.

నీళ్ళు బాగా వేడి, మనకి తట్టుకోడానికి ఒక నిమిషం పడుతుంది. చిన్నదే గానీ శుభ్రంగా ఉంది. గోడవతల మగవాళ్ళ వైపు నుంచి గట్టిగట్టిగా మాటలు, నవ్వులు, ఎవరో పాట కూడా ఎత్తుకున్నాడు. లగ్జరీ ఓన్సెన్‌ని, అంటే వేడినీటి బుగ్గల స్నానశాలని ఊహించుకుని వచ్చేవాళ్ళు రావద్దు, రాతి తొట్టీ వెదురు పంపూ ఎర్ర మేపుల్ ఆకులూ ఏవీ ఉండవు ఇక్కడ.

ఇక తిండి. రేవులో ఆ పొద్దున ఏది దిగితే అది. మాకు కత్సువో పచ్చి ముక్కలు, అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపు, పక్కన ఏవో ఊరవేసిన కూరముక్కలు. ముక్కలు సన్నగా కాదు, వేలు మందాన కోశారు. చూడ్డానికే ఎర్రగా మాణిక్యంలా ఉంది, టోక్యో సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ ట్రేలో దొరికే కత్సువోకి గోధుమరంగు తిరిగి ఒక ఇనుము వాసన ఉంటుంది చూశారా, అది లేదు ఇక్కడ. అక్టోబర్లో ఈ చేప ఉత్తరం నుంచి కిందకి తిరిగొచ్చేటప్పుడు కొవ్వు పట్టి ఉంటుంది, నోట్లో వేసుకుంటే మీగడలా జారిపోయింది. మా వైపు సూర అంటే పెద్దగా ఎవరూ లెక్కచెయ్యరు, వంజరమో చందువానో ఉంటే సూర ముట్టరు, మా అమ్మమ్మ సూరని ఉప్పేసి ఎండబెట్టి సంతలో అమ్మేది. అదే చేపని ఇంత మర్యాదగా పెట్టేసరికి మా అమ్మ కాసేపు దానివంకే చూసింది. "పచ్చిదే తింటారేటే ఈళ్ళు" అంటూ ఒక ముక్క, "ఉప్పు లేదు, కారం లేదు, పులుపు లేదు" అంటూ రెండోది, ఆ తర్వాత ఏమీ అనకుండా మొత్తం. నేను బ్యాగులో తెచ్చిన ఆవకాయ సీసా బయటకి తియ్యబోతే "ఊరుకో, ఆళ్ళేటనుకుంటారు" అని కసిరింది. ఆవకాయ వద్దన్న మా అమ్మని చూడ్డం నాకు అదే మొదటిసారి, తేదీ రాసిపెట్టుకున్నా.

ఇంకో రెండు విషయాలు చేపల ప్రియులకి. ఈ ఊళ్ళో మెకాజికి అనే చేప ఫేమస్, కత్తిలాంటి ముక్కు ఉంటుంది, మన కొమ్ముకోనాం గుర్తొస్తుంది, నూనెగా మెత్తగా ఉంటుంది. ఇంకోటి మోకా నో హొషి, పేరు ముద్దుగా ఉంది గానీ అది సొరచేప గుండెకాయ, పచ్చిది, వెనిగర్ కలిపిన మిసోతో తింటారు. సొరలు జపాన్‌లో ఎక్కువ దిగే రేవు కూడా ఇదే. నేను రాత్రి వేరేచోట తిన్నా, లివర్‌లా ఉంటుందనుకున్నా గానీ గట్టిగా కరకరలాడింది, వాసన అస్సలు లేదు. సొరపుట్టు చేసుకునే మనవాళ్ళు ఒకసారైనా ట్రై చెయ్యాల్సిందే, వెజిటేరియన్లు మాత్రం అన్నం డబ్బా తెచ్చుకుని రండి, సూపులో కూడా చేపే ఉంటుంది.

మెస్సులో మా పక్క బెంచీ మీద ముగ్గురు కుర్రాళ్ళు, తల తడి ఆరలేదు, నల్లగా మాడిపోయి ఉన్నారు, వాళ్ళ మాటలు వింటే జపనీస్ కాదు. ఇండోనేషియా పిల్లలు. ఈ ఊరి బోట్లమీద పనిచేసేవాళ్ళలో ఇండోనేషియా వాళ్ళు చాలామంది ఉన్నారు, సునామీ జరిగిన 3 నెలలకే వాళ్ళ ప్రెసిడెంట్ యుధోయోనో స్వయంగా ఈ ఊరొచ్చి చూసి వెళ్ళాడు. ఈ సందులోనే వాళ్ళ వంటలు వండే హోటల్ ఒకటి, నమాజు చేసుకోడానికి చిన్న గది ఒకటి కూడా పెట్టారు. నాకు మొత్తం ట్రిప్పులో బాగా నచ్చింది ఇదే. ఎందుకంటే మా మావయ్య వాళ్ళు ఏడాదికి ఏడెనిమిది నెలలు గుజరాత్‌లో వేరావల్ రేవులో ఉంటారు, సిక్కోలు తీరంలో సగం ఇళ్ళ కథ ఇదే కదా, బోటులోనే వంట, బోటులోనే పడక, రేవులో దిగితే వీళ్ళ భాష మాట్లాడేవాడుండడు. వలస వచ్చి చేపలు పట్టేవాడికి ఏం కావాలో ఈ ఊరి ఆడవాళ్ళు కూర్చుని ఆలోచించారు. అమ్మకి చెప్తే ఆ కుర్రాళ్ళవైపు చూసి "ఈళ్ళమ్మలకి తెలుసేటో, ఇక్కడ నీల్లు కాగబెట్టి పెడతన్నారని" అంది.

కౌంటర్ వెనకున్న అమ్మాయిలు ముప్ఫై దాటినట్టు లేరు. అక్కడున్నంతసేపూ గమనించా, బోటువాళ్ళు వాళ్ళని పేరుపెట్టి పిలుస్తారు, వీళ్ళు వాళ్ళని బోటు పేరుతో పిలుస్తారు, ఒకాయన బక్కెట్‌లో చేప తెచ్చి కౌంటర్ మీద పెట్టి ఏం మాట్లాడకుండా వెళ్ళి కూర్చున్నాడు, అమ్మాయి కూడా థాంక్స్ అని పొడుగ్గా ఏం చెప్పలేదు, నవ్వి కత్తి తీసింది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. 2011 మార్చి 11న మధ్యాహ్నం 2:46కి భూకంపం, 9.0 తీవ్రత, తర్వాత సునామీ. కెసెన్నుమాలో రేవు పక్కన ఆయిల్ ట్యాంకులు కొట్టుకొచ్చి, ఆ ఆయిల్ అంటుకుని రాత్రంతా నీళ్ళమీదే మంటలు. 330 టన్నుల పెద్ద చేపల ఓడ ఒకటి ఊళ్ళోకి 750 మీటర్లు కొట్టుకొచ్చి రోడ్డు పక్కన నిలబడింది, గుర్తుగా ఉంచుదామా అని ఊళ్ళో అడిగితే ఎక్కువమంది వద్దన్నారు, రోజూ దాన్ని చూస్తూ బతకలేమన్నారు, 2013లో విరగ్గొట్టేశారు. ఈ ఒక్క ఊళ్ళో వెయ్యిమందికి పైగా పోయారు. 2010లో 73 వేలున్న జనాభా 2020 లెక్కలకి 61 వేలు. పోయినవాళ్ళకంటే వెళ్ళిపోయినవాళ్ళే ఎక్కువ, అందులోనూ వయసు పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు. తొహోకు, అంటే ఈ ఈశాన్య జపాన్ పల్లెలన్నిటికీ ఇదే బెంగ, చదువుకని సెండాయో టోక్యోనో వెళ్ళిన అమ్మాయి మళ్ళీ రాదు. ఎందుకొస్తుంది చెప్పండి. సునామీ తర్వాత చాలా శిబిరాల్లో వందలమందికి మూడు పూటలా వండింది ఆడవాళ్ళే, దానికి కూలి లేదు, బయట శిథిలాలు ఎత్తిన మగవాళ్ళకి రోజుకూలి ఇచ్చారు. బట్టలు మార్చుకోడానికి అడ్డుతెర లేని శిబిరాలూ, శానిటరీ ప్యాడ్లు మగవాళ్ళ దగ్గరకెళ్ళి అడిగి తీసుకోవాల్సొచ్చిన శిబిరాలూ ఉన్నాయి. తర్వాత ఊరు ఎలా కట్టాలి అని మీటింగులు పెడితే ముందు కుర్చీల్లో ఎవరుంటారో మనకి తెలియంది కాదు. మాకు 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానం కొబ్బరంతా పడుకున్నప్పుడు మా ఊళ్ళో కూడా నష్టం లిస్టు రాసినవాళ్ళలో ఒక్క ఆడది లేదు, లైన్లో నిలబడింది మాత్రం అందరూ ఆడవాళ్ళే, అది మా అమ్మే గుర్తుచేసింది ఇక్కడ కూర్చుని.

అలాంటిచోటికి బయట ఊళ్ళ నుంచి అమ్మాయిలు వచ్చి ఉండిపోవడం అంటే మాటలు కాదు. ఈ ఊరికి ఆనుకుని కరకువా అని ఒక ద్వీపకల్పం ఉంది, అక్కడ వాలంటీర్లుగా వచ్చిన కాలేజీ అమ్మాయిలు కొందరు చదువయ్యాక టోక్యో ఉద్యోగాలు వద్దనుకుని అక్కడే ఒక పాత ఇంట్లో కలిసి కాపురం పెట్టారు. జపాన్‌లో సొంతూరికి తిరిగొస్తే యూ టర్న్ అంటారు, కొత్త ఊరికి వెళ్ళి స్థిరపడితే ఐ టర్న్ అంటారు, వీళ్ళు పెనిన్సులాకి వచ్చారు కాబట్టి తమకి తామే పెన్ టర్న్ అమ్మాయిలు అని పేరు పెట్టుకున్నారు. పేరులో కాస్త వేళాకోళం ఉంది, అది నాకు నచ్చింది.

కాకపోతే ఇలాంటి కథలు రాసేవాళ్ళందరూ కుర్రపిల్ల ఫోటో వేసి ఊరిని మార్చేసిన అమ్మాయి అని రాసేస్తారు, అది సగమే. ఊళ్ళో ఆడపెద్దలు వెనకాల నిలబడకపోతే చేపల రేవులో ఇరవయ్యేళ్ళ టోక్యో పిల్ల మాట ఎవడు వింటాడు. ఇక్కడ త్సుబాకి కై అని ఆడవాళ్ళ సంఘం ఉంది, హోటళ్ళూ చేపల కంపెనీలూ నడిపే ఇళ్ళ ఆడవాళ్ళది, సునామీకి ముందే 2009లో పెట్టుకున్నారు. వేటకెళ్ళే ఓడకి రేవులో నిలబడి రంగురంగుల జెండాలు ఊపి సాగనంపే పాత ఆచారాన్ని మళ్ళీ నిలబెట్టింది వీళ్ళే. 2014 నుంచి దాదాపు పదేళ్ళపాటు ఊరి జాలర్ల ఫోటోలతో క్యాలెండర్ వేశారు, ఏటా ఒక పెద్ద ఫోటోగ్రాఫర్‌ని పిలిపించి మరీ. మన డ్వాక్రా సంఘాల్లో కూడా ఇలాంటి గట్టి పెద్దమ్మలు ఊరికొకరుంటారు, వాళ్ళ పక్కన ఒక చదువుకున్న పిల్లని నిలబెడితే ఏమవుతుందో అనిపించింది.

ఇప్పుడు నా సొంత గొడవ. నేను జపాన్ వచ్చిన కొత్తలో ఒక మేళాలో సునామీ బాధితులు కుట్టారని చెప్తే ఒక చేతిసంచీ కొన్నా, ఏ ఊరో ఏ సంస్థో చెప్పను, నెలకే జిప్పు ఊడింది. కంప్లైంట్ చెయ్యలేదు. ఎలా చేస్తాం, ఇళ్ళు పోయినవాళ్ళు కదా పాపం అనుకుని బీరువాలో పడేశా. మళ్ళీ కొన్నానా, కొనలేదు. జాలితో కొన్న వస్తువుకి అదే గతి, తిట్టం, రెండోసారి కొనం. త్సురుకామేకి కూడా నేను అదే మనసుతో బయల్దేరా, ఎలా ఉన్నా ఐదు స్టార్లు ఇచ్చేద్దాంలే అని. అక్కడికెళ్ళాక తెలిసింది, నా జాలితో వాళ్ళకి పనేం లేదు. రోజూ వచ్చే కస్టమర్ బోటువాడు, వాడికి చేపలో తేడా కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది, నీళ్ళు చల్లగా ఉంటే మొహమాటం లేకుండా అరుస్తాడు. వాడిని మెప్పించాలి కాబట్టి మనకి కూడా మంచిదే దొరుకుతుంది, అంతే.

ఇదే లెక్క ఇంకా గట్టిగా పట్టుకున్నది కెసెన్నుమా నిట్టింగ్ అనే కంపెనీ, మరుసటి రోజు వెళ్ళాం, రివ్యూలో కలిపేస్తున్నా. రేవు కనపడేలా గుట్టమీద చిన్న షాపు, రోజూ తెరవరు, చూసుకుని వెళ్ళండి. చేత్తో అల్లిన స్వెటర్లు, కార్డిగన్లు. దీన్ని నడిపేది మితరాయ్ తమాకో, 1985లో పుట్టింది, మెకిన్జీ అనే పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో చేసి, తర్వాత ఒక ఏడాది భూటాన్ ప్రధానమంత్రి దగ్గర ఫెలోగా పనిచేసి వచ్చింది. 2012లో ఈ పని మొదలైనప్పుడు ఆమెకి ముప్ఫై కూడా లేవు. అల్లికే ఎందుకంటే, ఊళ్ళో అప్పటికి ఏ స్థలంలో కట్టుకోవచ్చో ఏ స్థలంలో కట్టకూడదో తేలలేదు, ఫ్యాక్టరీ పెట్టలేరు, అల్లికకి ఊలూ సూదులూ చాలు, తాత్కాలిక ఇంట్లో స్టవ్ పక్కన కూర్చుని కూడా చెయ్యొచ్చు. ఐర్లాండ్‌లో అరన్ దీవులు కూడా చేపలు పట్టే ఊళ్ళే, అక్కడి స్వెటర్లకి ప్రపంచమంతా పేరుంది, మన ఊరికెందుకు రాదు అనుకున్నారు. మొదట తీసిన ఆర్డర్ కార్డిగన్ ధర లక్షన్నర యెన్ దరిదాపు. మన డబ్బుల్లో ఎనభై వేల పైమాటే. సాయం చెయ్యండి అని ఎక్కడా రాయలేదు, బాగుంది కాబట్టి ఈ ధర అన్నారు, జనం కూడా వెయిటింగ్ లిస్టులో పడి మరీ కొన్నారు. 2013లో విడి కంపెనీ అయ్యాక మొదటి ఏడాదే లాభం వచ్చింది, ఊరికి పన్ను కట్టగలిగాం అని సంబరపడ్డారట. పన్ను కట్టి సంబరపడ్డవాళ్ళ గురించి నేను వినడం ఇదే మొదలు.

మా అమ్మ షాపులో ధర అడిగింది. నెమ్మదిగా చెప్పా. "ఓర్నాయనో" అని చెయ్యి వెనక్కి తీసేసుకుంది. రెండు నిమిషాలాగి మళ్ళీ దగ్గరికెళ్ళి, పర్మిషన్ అడిగించి, చేతులు కడుక్కొచ్చి మరీ స్వెటర్ లోపలివైపు తిరగేసి చూసింది. మా తాతయ్య వలలు అల్లేవాడు, చిరుగు వలలు బాగుచెయ్యడం అమ్మకి చిన్నప్పటి పని, ముడి చూస్తే మనిషి చెయ్యి తెలిసిపోతుందంటుంది. చంక దగ్గర, మెడ దగ్గర, చెయ్యి అంచు దగ్గర, అన్నిచోట్లా వేళ్ళతో తడిమి చూసి, "డబ్బులెక్కువే గానీ మోసం లేదే ఇందులో" అని తీర్పు చెప్పేసింది. మేం కొనలేదు, నా బడ్జెట్ కాదు. మీకు స్తోమత ఉంటే కొనుక్కోండి, మా అమ్మ గ్యారంటీ.

అన్నట్టు, ఈ ఊళ్ళోనే ఒక జీన్స్ కంపెనీ కూడా ఉంది, ఓయికావా డెనిమ్, దాన్ని నడిపించిన ఆవిడ కుర్రపిల్ల కాదు, పెద్దావిడే. సునామీకి గోదాం పోయింది, నెలపైన గడిచాక శిథిలాల్లో వాళ్ళ జీన్స్ దొరికితే కుట్టు కుట్టులాగే ఉందట. నా సంచీ జిప్పు గుర్తొచ్చింది మళ్ళీ.

టైముంటే పాత కొయో హైస్కూల్ కూడా చూడండి, నాలుగో అంతస్తు దాకా నీళ్ళొచ్చిన బిల్డింగ్, 2019 నుంచి అలాగే ఉంచి చూపిస్తున్నారు, మూడో అంతస్తులో తలకిందులైన కారు ఉంటుంది. పిల్లలు ముందే బడి వదిలి దూరంగా ఎత్తు చోటికి పరిగెత్తి బతికారు. అమ్మ సగం చూసి బయటికొచ్చి కూర్చుంది, నేనూ ఎక్కువసేపు ఉండలేదు.

మార్కులు. స్నానానికి 5కి 4, ఆ ఒక్కటి తగ్గించింది మా అమ్మ, తల దువ్వుకోడానికి కొబ్బరినూనె లేదని, నన్ను రాయమంది కాబట్టి రాస్తున్నా. తిండికి 5. కార్డున్నా కొంచెం చిల్లర డబ్బులు పెట్టుకుని వెళ్ళండి, ఆ ఊళ్ళో పనికొస్తాయి. తెరిచే రోజులు ముందు చూసుకోండి. బోటువాళ్ళు వస్తే కాస్త జరిగి చోటివ్వండి, అది వాళ్ళ స్థలం. ఫోటోలు అడిగి తియ్యండి, బట్టలు మార్చుకునే గదిలో ఫోన్ అసలు బయటకి తియ్యకండి.

తిరుగు రైల్లో అమ్మ బారువలో ఉన్న మా పెద్దమ్మకి వీడియో కాల్ చేసింది. మెల్లగా మాట్లాడమ్మా, ఇక్కడ రైల్లో ఫోన్ మాట్లాడకూడదు అంటే బోగీ చివర తలుపు దగ్గరకెళ్ళి నిలబడి చెప్తోంది, వేటకెల్లొచ్చినోల్లకి కుర్రగుంటలు నీల్లు కాగబెట్టి అన్నమెడతన్నారే, ఏ ఊరి పిల్లలో వచ్చి ఉండిపోయారంటే అని. అంతా విని అవతల మా పెద్దమ్మ అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇక్కడిదాకా వినపడింది, "మరాల్లకి పెల్లిల్లయ్యాయేటే?" అమ్మ ఒక్కక్షణం ఆలోచించి, ఫోన్ చేత్తో మూసి, బోగీ ఆ చివర్నుంచి నావైపు తిరిగి అడిగింది, "ఏమే, అయ్యాయా?"